ఇరవై తొమ్మిదో రోజు

పెరంబూరు ఆసుపత్రిలో డాక్టరమ్మ
తెర నా వైపు తిప్పి చూపించింది:
"ఇదిగో ఇక్కడ పూడిక. ఇక్కడ స్టెంటు వేశాం."
బూడిదరంగులో వేళ్ళలా విడిపోయిన నాళాలు.
తల ఊపాను,
ఎరిగిన వీధికే ఎవరో దారి చెబుతుంటే
ఊపినట్టు.

మాధవరంలో పద్దెనిమిదేళ్ళు
సీమపందుల కొట్టం చూశాను నేను.
చెవికి పసుపు బిళ్ళ, బిళ్ళ మీద అంకె.
పేర్లు పెట్టొద్దన్నారు. పెట్టలేదు.
నలభై ఒకటిని నలభై ఒకటనే పిలిచాను.
అదీ ఆ అంకెకే పరుగెత్తుకొచ్చేది.

పంది గుండె, మన గుండె
ఒక్క కొలతకు కుట్టిన చొక్కాలని
వసుమతి మేడం కుర్రాళ్ళకు చెబుతుంటే
చీపురు ఆపి వినేవాణ్ణి.
తొడలోంచి తీగ దూర్చడం, బుడగ ఊదడం,
సన్నని లోహపు జాలీ లోపల వదిలి రావడం
వాళ్ళ పని.
నా పని చిన్నది:
ముందురోజు రాత్రి తొట్టి ఖాళీగా ఉంచడం,
రోజూ పొద్దున రెండు మాత్రలు
అరటిపండులో దాచి పెట్టడం.
తొక్కతో సహా నమిలేది.
చేదు తెలిసే ఉంటుంది.
నా మొహం చూసి మింగేది.

ఇరవై ఎనిమిదో తేదీ కాదు, ఇరవై ఎనిమిదో రోజు.
క్యాలెండర్లో ఎర్ర సున్నా.
ఆ రోజు మాత్రలుండవు.
సాయంత్రానికి గుండె ఒక్కటే
సీసాలో మేడమీదికి వెళ్ళేది.
నేను కొట్టం కడిగి
రెడ్‌హిల్స్ బస్సెక్కేవాణ్ణి.
ఎంత రద్దీలోనైనా
నా పక్క సీటు ఖాళీగానే ఉండేది.

ఇప్పుడు అవే రెండు మాత్రలు.
అట్ట మీద పేరు కూడా అదే.
కుప్పమ్మ గ్లాసు పట్టుకుని
మింగేదాకా కదలదు.
నేనూ దాని మొహమే చూస్తాను.

రోజులు లెక్కపెడుతున్నానని ఎవరికీ చెప్పలేదు.
ఇరవై ఆరు. ఇరవై ఏడు.
ఇరవై ఎనిమిదో రాత్రి
వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునే ఉన్నాను.
"దోమలు పీక్కుతింటున్నాయి, లోపలికి రా" అంది.
"లెక్క ఒకటి తేలాలి" అన్నాను.
"రిటైరయ్యాక నీకేం లెక్కలు?"

పాల వ్యాను వచ్చింది.
కార్పొరేషన్ కుళాయి దగ్గర బిందెల గొడవ మొదలైంది.
లోపల జాలీ గోడకు అంటుకుని
గుండె తన పాటికి తాను
ఎవరో అంకె పెట్టి పిలిచినట్టు
పరుగెడుతూనే ఉంది.

మూలకొట్టులో ఒక్క పండు కొన్నాను.
తొక్క తీయకుండా కొరికాను.
వగరు, పీచు, కాస్త మట్టి.
కొట్టాయన ఎగాదిగా చూశాడు.
ఏమీ చెప్పలేదు నేను.
నమిలాను,
నిదానంగా,
మొత్తం.