చిల్లి వెండి

ఆదివారం ఆరున్నరకే హాలా తర్గోవా బయట
మడత బల్లల మీద దుప్పట్లు పరిచి
క్రాకోవ్ తన అటకలన్నీ దించేస్తుంది.
చెవి తెగిన టీకప్పులు, జత తప్పిన స్కీలు,
ఎవరి పెళ్ళో ఎవరికీ తెలియని ఫొటో.
నేను ఆగేది చివరి బల్ల దగ్గర.
ముసలి ఎవుగేన్యూష్ చుట్టల పెట్టెల్లో
నాలుగొందల ఏళ్ళనాటి రాజులు
గుండీల్లా కలగాపులగంగా పడుంటారు.

గుండీలే నా బతుకు కూడా.
స్తారోవిశ్ల్నా వీధిలో మెట్ల కింది గది,
ఎడమచేతి వాటానికి చేయించుకున్న కత్తెర.
పొడుగువి కురచ చేస్తాను, జిప్పులు మారుస్తాను,
చిరిగిన కోటు మోచేతులు రఫూ చేస్తాను.
అద్దె, గ్యాసు, కంట్లో వేసుకునే చుక్కలు పోగా
బిస్కెట్ డబ్బాలో నెలకి అరవై జ్లోటీలు.
అరవైకి బంగారం రాదు.
రాజు వస్తాడు, చూసి కొనుక్కుంటే.

గడ్డం అరిగినా ముక్కు మిగిలినవాణ్ణి తీసుకోవాలి.
అంచు తెగినా తేదీ తెగకూడదు.
మరీ మెరిసేవాణ్ణి నమ్మకూడదు.
మొదటిదాన్ని నేనే సోడా వేసి తోమాను,
ఒలిచిన కోడిగుడ్డులా తెల్లబోయి చూసింది.
ఆ నలుపు దాని నాలుగొందల ఏళ్ళ సంపాదన,
నాలుగు నిమిషాల్లో సింకులో పారబోశాను.

చిల్లు పడ్డవైతే ఇంకా చవక.
ఎవరో ఒకామె పొడిచి, దారం ఎక్కించి
బిడ్డ మెడలో వేసి ఉంటుంది, జ్వరం దిగాలని.
బేరగాళ్ళ లెక్కలో చిల్లంటే సగం ధర.
నా లెక్కలో చిల్లు లేనిది గుండీయే కాదు.
బ్యాంకులో చిల్లిగవ్వ లేదు,
డబ్బాలో పద్దెనిమిది మంది చిల్లి రాజులు.

అదొక్కటే గాజు కింద ఉండేది.
మూడు గ్రోషుల బిళ్ళ, పదహారు వందల ఇరవై రెండు.
మడతల కాలరు మీద పళ్ళెంలో పెట్టినట్టు తల
(ఆ కాలరుకి గంజి పెట్టినవాళ్ళ వేళ్ళు ఏమయ్యాయో),
అంచుల్లో నేరేడుపండు రంగు.
మూడు వందల నలభై.
ఆరు నెలలు ఏ పెట్టెలోనూ వేలు పెట్టలేదు.

నవంబరులో తెచ్చుకున్నాను.
కుట్టుమిషను దీపం కింద భూతద్దం పెడితే
రాజు తల వెనక, రెండు అక్షరాల మధ్య
వెండి ఒక్కచోట వేరే దిక్కుకి పారుతోంది.
రఫూ.
ఎవరో చిల్లు పూడ్చి, పైన సగం అక్షరం చెక్కి
కొత్తదనం కనబడకుండా మసి పులిమారు.

కోపం వచ్చింది, టీ నీళ్ళు మరిగేదాకా.
తర్వాత కప్పు చల్లారేదాకా ఆ పనే చూస్తూ కూర్చున్నాను.
ఏం చెయ్యి అది!
తిరగేస్తే, గద్ద రెక్కలో ఒక ఈక
రాజుగారి టంకశాలది కాదు, ఆ దొంగ మహానుభావుడిది.

అయినా డబ్బు డబ్బే.
మరుసటి ఆదివారం బల్ల మీద పెట్టి చూపించాను.
ఎవుగేన్యూష్ కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టి
"నలభై ఏళ్ళ వ్యాపారం, బోగుమీవా, నాకు కనబడలేదు" అన్నాడు.
నిజమో, నటనో.
తిరిగి తీసుకుంటానన్నాడు.
వద్దు, చిల్లిదాని ధరకివ్వు అన్నాను.
నూట యాభై లెక్కపెట్టి అక్కడ ఆగి దగ్గాడు.
ఇంకో ఇరవై అన్నాను.
బల్ల కింద నుంచి గుడ్డసంచి లాగి
"దీన్లోంచి ఒకటి ఏరుకో, పో."

చిటికెనవేలి గోరంత దెనార్ తీశాను.
మేరీమాత ముఖం లేదు, ఒళ్ళో బిడ్డ ఉన్నాడు.
చిల్లులో తీగలా బిగుసుకుపోయి
దారం ముక్క ఇంకా ఉంది.
ట్రాములో, కిటికీ వెలుగుకి పట్టి చూశాను.
నార దారం. రెండు పోగులు.
పురి ఎడమకి తిరిగింది.