గొల్లభామలు ఉచితం

తప్పు నాదే.
కార్తీకంలో కిటికీ చువ్వకి
నురగలాంటిదేదో అతికించి చచ్చిపోయింది మా ఆకుపచ్చది.
ఎండి, చోళ్ల ముద్దలా గట్టిపడింది.
గీకి పారెయ్యమంది టీకొట్టు మార్తమ్మ.
ఏమో, చెయ్యి రాలేదు.
హార్లిక్స్ సీసాలో వేసి మరిచిపోయాను.

రోహిణి వెళ్లిపోయి, చినుకు ఇంకా పడని
ఓ ఉక్కపొద్దున
సీసా నిండా వెంట్రుకల్లాంటి కాళ్లు.
కంటికి భూతద్దం బిగించి లెక్కపెట్టాను.
నూట అరవై మూడు.
సెకన్ల ముల్లు కంటే సన్నం ఒక్కొక్కటీ.
అన్నీ తల తిప్పి నన్నే చూస్తున్నాయి.

ముప్పై ఏళ్లుగా చిన్న చిన్న వాటితోనే నా కాపరం,
అందులో ఏదీ
ఇలా తిరిగి చూడలేదు.

రావులపాలెంలో ఈగలకేం కరువు?
అరటి మార్కెట్లో పాట అయిపోయాక
చితికిన చక్కెరకేళీల మీద ముసిరినవాటిని
పల్చటి గుడ్డతో పట్టేదాన్ని.
"పళ్లు కొనేవాళ్లు వందమంది,
ఈగలు అడిగేది నువ్వొక్కదానివే అక్కా,"
అని పాటగాడు తాతబ్బాయి నవ్వు.

మూడో నాటికి నూట నలభై.
చచ్చినవి కనబడలేదు.
తిన్నవి కనబడ్డాయి.

విడదీయడం మొదలెట్టాను:
హోమియో గుళికల సీసాల్లోకి, పాత వాచీ పెట్టెల్లోకి,
సూదితో చిల్లులు పొడిచిన పూతరేకుల డబ్బాల్లోకి,
చివరికి నా అన్నం కేరియర్ పైగిన్నెలోకి.
"మా టైటాన్ అయిందాండీ" అని ఎవరైనా వస్తే
ఏ పెట్టె తెరవాలన్నా భయం.

"ఒకే బకెట్లో పోసి మూతెట్టు," అంది మార్తమ్మ,
"పది రోజుల్లో ఒక్కటి మిగుల్తాది. లెక్క తేలిపోద్ది."
అబద్ధం కాదు.
ఒక రాత్రి బకెట్ కడిగాను కూడా.
తుడిచాను.
బోర్లించి ఇంటికెళ్లిపోయాను.

మర్నాడు వాచీల బోర్డు కింద
సుద్దముక్కతో రాశాను: గొల్లభామలు ఉచితం.

మొదట వచ్చినాయన "చీరలా అండి?" అన్నాడు.

కడియం నర్సరీ అబ్బులు పాతిక పట్టుకెళ్లాడు,
మందారాలకి పేనుబంకట.
వారానికే తిరిగొచ్చాడు,
"సీతాకోకల్ని కూడా తినేత్తన్నాయండి!"
ఏవి తినాలో నేను చెప్పి పంపానా, అన్నాను.
కాలవగట్టు బడికి పన్నెండు.
పిల్లలు అన్నిటికీ పేర్లు పెట్టి ఒకే అట్టపెట్టెలో ఉంచారు,
శనివారానికి
పదకొండు పేర్లు మిగిలిపోయాయి.
లంకలో దొండపాదులేసిన పల్లాలమ్మ
ముప్పై, తామరాకులో మూటగట్టి పడవెక్కింది.

బాగయ్యాక కూడా ఎవరూ తీసుకెళ్లని వాచీలు
నా సొరుగులో డెబ్బై దాకా ఉన్నాయి.
చిల్లుల డబ్బా అందుకున్న ముసలాయన ఒకాయన
మెట్టు దిగబోతూ ఆగాడు.
"తొంభై ఆరు తుఫానప్పుడు
నీళ్లు దిగిన వాచీ ఒకటిచ్చాను, అమ్మాయ్."
ఉంది. కీ తిప్పి ఇచ్చాను.
ఒక చెవికి అది, ఇంకో చెవికి డబ్బా ఆనించుకున్నాడు
ఏది ఎక్కువ ప్రాణమున్నదో తేల్చుకునేవాడిలా.
డబ్బులివ్వలేదు. నేనూ అడగలేదు.

శ్రావణంలో ఎర్రనీళ్లొచ్చి లంక మునిగింది.
బళ్లో తలదాచుకున్న పల్లాలమ్మ ఫోన్ చేసింది:
పందిరి గుంజ చివర, నీళ్లకి జానెడు పైన
ఒకటి మిగిలిందట.
"గోదారమ్మకి దండం పెడతందనుకున్నానే.
కాదు, దోమని పట్టింది."

ఇప్పుడు రెండే నా దగ్గర.
లావుది ఆడది. రెక్కలొచ్చిన సన్నటిది మగది.
మధ్యన పోస్టుకార్డు ముక్క అడ్డం పెట్టాను.
రాత్రుళ్లు వాడు కార్డు వైపే తిరిగి ఉంటాడు.
తీస్తే వాడుండడు.
తియ్యకపోతే ఇక ఎవరూ ఉండరు.
షట్టర్ దించేముందు రోజూ
నా వేలు కార్డు అంచు దాకా వెళ్లి వస్తోంది.

బోర్డు మీద రాత చెరపలేదు.
వానకి మొదటి మాట కొట్టుకుపోయింది.
'ఉచితం' ఒక్కటే మిగిలింది.
బస్సు దిగినవాళ్లు నిలబడి అడుగుతున్నారు,
ఏంటండీ, అని.