పది దాటితే ఏరు కట్టేస్తారు

మే నెల మొదటి ఆదివారం.
స్వానేతి కొండల్లో చెట్లకింకా నమ్మకం కుదరలేదు.
బిర్చి కొమ్మలు ఒక చిగురు బయటపెట్టి
చలికి జడిసి అక్కడే ఆగిపోయాయి.

చీకటుండగానే మ్జెవినార్ నా తలుపు బాదింది.
"లే. పది దాటితే ఏరు కట్టేస్తారు."
ఎవరు కట్టేస్తారని అడగలేదు.
అడిగితే వంతెన దాకా తిడుతుంది.

రాత్రి చలికి పైన మంచు బిగుసుకుంటుంది,
పొద్దున నీళ్ళు తేటగా ఉండేది అందుకే.
ఎండెక్కి గడ్డలు కదిలాయా,
కొండంతా కుడితిలా కిందికి దిగుతుంది.
ఇక ఏ చేపకీ ఏమీ కనపడదు,
నీ ఎరా, నీ ఆత్రమూ.

ముందు ఎర.
ఒడ్డున మోకాళ్ళ మీద కూచుని రాళ్ళు తిరగేసింది.
రాతి కింద ఇసుక రేణువులు అతికించుకుని
ఒంటికి సరిపడా ఇల్లు కట్టుకున్న పురుగులు.
ఎనిమిది ఏరి అగ్గిపెట్టెలో వేసి
నా జేబులో పెట్టింది, చిల్లర పెట్టినట్టు.

జుగ్దీదీ నుంచి కార్లలో వచ్చే కుర్రాళ్ళు
మెరిసే చెంచాలు విసురుతారు గేలాలకి.
"చెంచాలు మా ఇంట్లోనూ ఉన్నాయి," అంటుంది.
"చేపని భోజనానికి పిలవాలి గానీ
గిన్నెలు చూపిస్తే వస్తుందా?"

నేను మార్ష్రుత్కా నడిపేవాణ్ణి, తొందర నా జబ్బు.
"మెల్లగా. నీ బూట్ల చప్పుడు దాని ఒళ్ళంతా వింటుంది.
నీడ వెనక పడేలా నడువు.
నడిమి ధార వంక చూడకు.
చలికాలమంతా పస్తున్నవాడు పరుగుపందేనికి పోడు.
ఆ పెద్ద రాయి వెనక, నీళ్ళు ఊపిరి తీసుకునే చోట,
అడుగుకి. ఇంకా అడుగుకి."

దారం ఆగింది. రాయేమో అనుకున్నాను.
రాయి కదిలింది.

ముప్పై రెండేళ్ళు పోస్టాఫీసులో ముద్రలు కొట్టిన మనిషి
నా మణికట్టు పట్టుకుంది:
"ఇలా. కాయితం చిరగకూడదు, సిరా అంటాలి."

జానెడు కల్మాహీ.
ఎర్రచుక్కలు, ఒక్కో చుక్క చుట్టూ తెల్లటి గీత.
తల పెద్దది, ఒళ్ళు ఎండిపోయిన బెల్టు.
నేను సంచీ తెరిచేలోపే అంది,
"లంఖణాలు చేసి లేచినవాడి దగ్గర బాకీ వసూలు చేస్తావా?
చేతులు తడుపుకో ముందు. పొడి చెయ్యి దానికి నిప్పు."
వేళ్ళ మధ్య అది కాసేపు నిలబడింది,
దారి గుర్తు తెచ్చుకుంటున్నట్టు.
తరువాత వేళ్ళు మాత్రమే మిగిలాయి.

పదింబావుకి ఏరు బూడిద రంగుకి తిరిగింది.
కట్టేశారు.

పైకెక్కాం, సరస్సుకి. గంటన్నర.
మంచుపలక ఒడ్డుని వదిలేసింది
చల్లారిన పాల మీద మీగడ గిన్నె అంచుని వదిలినట్టు.
ఆ సందులోనే, నల్లరాళ్ళు ఎండకి వెచ్చబడే పక్క,
మోకాలి లోతు నీళ్ళలో, ఎవరూ గేలం వెయ్యని చోట,
కూచుంది. నేనూ కూచున్నాను.
మాట్లాడలేదు. జున్ను తిన్నాం, మొక్కజొన్న రొట్టె తిన్నాం.
మంచు లోపలెక్కడో మూలిగింది, రెండుసార్లు.
నాకు కునుకు పట్టినప్పుడు ఆమె ఒకటి పట్టింది,
బొద్దుగా ఉన్నదాన్ని.
ఎలా పట్టిందో చూడలేదు.
అడిగితే, "నిద్రపోవడం కూడా ఒక పద్ధతే,
నీ నీడ పడుకుంది," అంది.

సోమవారం మెస్తియా స్టాండులో
సిగరెట్టు కోసం జేబులో చెయ్యి పెడితే అగ్గిపెట్టె.
మిగిలిన మూడు.
ఒకటి ఇసుక ఇంట్లోంచి తల బయటపెట్టి
అట్ట గోడని తడుముతోంది.

పదకొండు మంది ప్రయాణికులు, ఒక టీవీ, రెండు కోళ్ళు.
వంతెన దగ్గర బండి ఆపి దిగాను.
"ఏమైంది?" అని కేకేశారు.
"రెండు నిమిషాలు," అన్నాను.
తొమ్మిదీ నలభై అయింది.
ఇంకా తెరిచే ఉంది.