చప్పని నీళ్ళు

ఊరి పేరులోనే ఉప్పుంది: తుజ్లా.
ఇస్తాంబుల్ తూర్పు అంచున, ఓడల మరమ్మతు యార్డులకెదురుగా
లంగరేసి నూట పన్నెండు రోజులు.
యజమాని ఫోనెత్తడం మానేసి తొంభై.

పొద్దున్నే ట్యాంకులోకి కొలకర్ర దించుతాడు రుస్లి.
వంటవాడి పని కాదది.
బియ్యం తప్ప ఏమీ మిగలనివాడికి
కొలవడం కూడా వంటే.
ఇవాళ జానెడు. నిన్న జానెడు మీద రెండు వేళ్ళు.

మకస్సార్ మనిషి. వాళ్ళ మాటలో తాగే నీళ్ళు "తావర్",
అంటే చప్పనివి.
మనసు విరిగితే అదీ తావరే.
బజారులో బేరానికీ ఆ మాటే.
కాస్త మొహం మార్చి ముందో అక్షరం తొడిగితే
విషానికి విరుగుడు.
"అయిదు నెలల జీతంలో రెండు నెలలది ఇస్తాం,
సంతకం పెట్టి దిగిపొండి" అని
ఏజెంటు పడవెక్కి వచ్చిన రోజు
రుస్లి ఆ మాటని నాలుగు వైపులా నమిలి
ఉమ్మేశాడు,
ఉమ్మి కూడా దాచుకోవాల్సిన ఎండలో.

ఇంజన్ గది అర్కాదికి అవి "ప్రేస్నయ" నీళ్ళు.
పులియని రొట్టెకీ అదే మాట. నవ్వురాని జోకుకీ అదే.
మా ఆవిడ మెసేజీల్లాగ, అన్నాడు.
కాసేపటికి,
కాదులే, ఆమెవి ఉప్పగానే ఉండేవి.

దుప్పటి ఆలోచన డెల్ఫిన్‌ది. సెబూ దీవి వాడు.
తుప్పుకి పూసే ఎర్రరంగు డబ్బా అడుగున గీకి
మోచేతి పొడుగు అక్షరాలు రాశాడు:
తబాంగ్.
రెయిలింగుకి కట్టి కిందికి వదిలాడు.

క్రిసాంతోది బతాంగాస్. ఒకే దేశం, ఒకే రంగు పాస్‌పోర్టు.
చదివి తల గోక్కున్నాడు.
"ఉప్పు లేనిది అని రాసి ఊరుకుంటే ఎలా? నీళ్ళు అని కూడా రాయి."
"నీళ్ళేమిటి? సాయం చెయ్యండి అని రాశాను."
"తబాంగ్ అంటే చప్పన."
"తబాంగ్ అంటే సాయం! వరదలో మా అమ్మ ఇంటికప్పెక్కి అరిచింది.
చప్పన, చప్పన అనా?"
చాలాసేపు తగువాడుకున్నారు.
ఎవరు గెలిచినా అడిగేది ఒకటేనని
ఇద్దరికీ ఒకేసారి తట్టి
నవ్వబోతే పెదాలు చిట్లాయి.

ఒడ్డున నీళ్ళ బార్జి నడిపే నెజాహత్‌కి
ఆ రెండు భాషలూ రావు.
బైనాక్యులర్లో కూడబలుక్కుంది.
చివరి అక్షరం తీసేస్తే ఆమె భాషలో అది అరికాలు.
చెప్పులడుగుతున్నారు కాబోలు అనుకుంది,
ఇనప డెక్కు, జూలై నెల, పాపం.
రేడియోలో పిలిచింది.
అర్కాది తనకొచ్చిన నాలుగు టర్కీ మాటల్లో ఒకటి వెతికి
"సు" అన్నాడు. నీళ్ళు.
"తత్లి సు?" అందామె.
తియ్యటి నీళ్ళా అని.
ఏటివీ బావివీ వానవీ అక్కడ తియ్యనివే,
మనవడూ తియ్యనివాడే,
భోజనమయ్యాక తెచ్చే పళ్ళెంలోదీ అదే మాట.
అర్కాది నిజాయితీగా ఆలోచించాడు.
"కాదు," అన్నాడు, "మామూలువి."

మూడు టన్నులు తెచ్చింది. బిల్లు రాయలేదు.
యార్డులో అడిగితే గొట్టం కారిందని చెప్పుకుంటుందట.

ఇక్కడ ఇది రాస్తున్న నాకో చిక్కు.
గొట్టంలోంచి దూకుతున్న వాటిని నేనేమనాలి?
చప్పన అంటే నాకు జ్వరమూ పథ్యమూ,
తీపంటే పానకం.
నాలిక్కి తెలిసిన మాట ఒకటుంది,
అందులో రుచి ఊసే లేదు:
మంచి.
మనుషులకీ రోజులకీ ఎద్దులకీ కబుర్లకీ వాడేదే,
ఆ చోట్లన్నిటా సాక్ష్యం అడిగేదే.
నీళ్ళని మాత్రం ఏమీ అడగలేదు,
ఉప్పు కాకపోతే చాలంది.

రుస్లి టీ కాచాడు. పంచదార లేదు, జీతాల కబురూ లేదు.
క్రిసాంతో ఓ గుక్క తాగి మొహం ముడిచి
"మతబాంగ్" అన్నాడు,
నెలల తర్వాత మొదటిసారి రుచికి వంక పెడుతూ.
డెల్ఫిన్ గ్లాసు కింద పెట్టి
గబుక్కున సముద్రం వైపు చూశాడు,
ఎవరు పిలుస్తున్నారా అని.