రెండో తరుగు

తొమ్మిదివందల పద్నాలుగు వరసలు.
చేంతాడంత ఫంక్షను.
దాని పేరు "చూడు".
ఏం చూడాలో చెప్పకుండానే
రాసి బెంగుళూరు పోయినాడు దొరవేలు.

కట్టమంచిలో, టైర్ల షాపు మేడ మీద మా ఆఫీసు.
జూన్ నెల. కింద రోడ్డు మీద
పల్పు ఫ్యాక్టరీకి బారులు తీరిన తోతాపురి లారీలు.
గాలంతా తీపి, పులుపు, డీజిలు.
ఆ లారీల లెక్కంతా ఈ ఒక్క "చూడు" కడుపులోనే:
కాటా ఎక్కించడం, బండి బరువు తీసెయ్యడం,
కాయ రకం, కమీషను, కూలి,
ముందుగా ఇచ్చిన అడ్వాన్సు, చివరికి
రైతు ఫోనుకు పోయే చిన్న మెసేజి.
ఒకే గదిలో వంట, స్నానం, పశువులు, పెళ్ళిచూపులు.

విడదీయడం మొదలుపెట్టినాను,
మాయమ్మ చింతపండు కొట్టేటట్టు:
పెంకు ఒక పక్క, ఈనె ఒక పక్క, గింజ ఒక పక్క.
పది వరసలు బయటికి తీసి
"ఖాళీ బండి బరువు" అని పిలిచినాను.
పలికింది.
ఇంకో పదిహేను. "కాయ రకం తేల్చు".
అదీ పలికింది.

పేరు పెట్టడమంటే వంక పెట్టడం కూడా కదా.
మూడేళ్ళ కిందటే మూతపడిన మండీకి
ఇంకా కాపలా కాస్తున్న మూల ఒకటి దొరికింది.
ఇంకోచోట దొరవేలు రాసుకున్న మాట:
"దీన్ని తాకొద్దు. ఎందుకో తెలీదు, నడుస్తా ఉంది."

ఆరువందల పన్నెండో వరస దగ్గర
చెయ్యి ఆగింది.
నాలుగే వరసలు. దేనికీ అంటవు.
"తేమ తరుగు" అందామంటే, అది పైనే తీసేసినారు.
"క్రేటు బరువు" అందామంటే, అదీ అయిపోయింది.
"సవరింపు" అని రాసి చెరిపినాను.
"సర్దుబాటు" అని రాసి చెరిపినాను,
ఇంటిపేరు కస్తూరివారు అన్నట్టుంటుందని.
తెచ్చుకున్న టీ చల్లారిపోయింది.
ఉన్నది ఉన్నట్టు రాస్తే ఇట్లా వచ్చింది:
"టన్నుకు ఇరవై కిలోలు మళ్ళీ కొయ్యి".

ఆ "మళ్ళీ" పక్కన కర్సరు
మిణుకుమిణుకుమంటా నిలబడింది.

ఈ పనికి ఒక కట్టుబాటుంది:
రూపం మార్చు, ఫలితం మార్చకు.
నిన్న ఎంత వచ్చిందో ఈరోజూ అంతే రావాలి, పైసాతో సహా.
పరీక్షలన్నీ పచ్చగా వెలిగినాయి.
అంటే ఆ ఇరవై కిలోలూ
పొల్లుపోకుండా, భద్రంగా, పోతానే ఉన్నాయి
బంగారుపాళ్యం మొగిలప్ప లోడులోంచి,
ఆయన వెనక బండిలోంచి,
దాని వెనక బండిలోంచి.

పొద్దుగూకే వేళ మండీ యజమాని చెంగల్రాయుడు వచ్చి
నా భుజం మీదుగా చదివినాడు.
ఆయనకు కోడు రాదు. తెలుగు వచ్చు.
"చూడు" ఇప్పుడు పదకొండే వరసలు,
కాటా నుంచి మెసేజి దాకా తిన్నగా నడిచే కథ.
ఏడో వరస మీద ఆయన వేలు ఆగింది.

"ఇదేందమ్మా, ఈ మళ్ళీ?"
"ఎప్పుడూ ఉండేదే సార్. పేరొక్కటే కొత్తది."

పేరు మార్చమంటాడా,
పని ఆపమంటాడా.
కింద లారీ ఒకటి హారను కొట్టింది.
వేలు ఇంకా తియ్యలేదు.

అన్ని పేర్లూ మార్చినాను గానీ
"చూడు" అనే పేరు మాత్రం
అట్లే ఉంచినాను.