పెద్దముల్లు

మార్చి వచ్చిందంటే గుంటూరుకి గొంతు మండుద్ది.
ఏటుకూరు రోడ్డు పక్క మా మున్సిపల్ బళ్లో
ప్రార్థన సగం తుమ్ములే.

మా అమ్మ మిరపకాయలకి తొడాలు తీసేది.
రాత్రి పదింటిదాకా పక్కన కూచుని నేనూ తీసేవాణ్ణి,
కిలోకి ఇంతని కూలి.
పొద్దున క్లాసులో మర్చిపోయి కళ్లు నులుముకుంటే
ఇహ చూడండి, ధార.
ఏసుపాదం అని పెట్టుకున్న పేరు
మూడో రోజుకే ఏడుపుపాదం అయింది.
చదవలేక ఏడుస్తున్నాడని టీచరమ్మ
వెనక బెంచీకి పంపింది.
అందులో అబద్ధమేం లేదు, చదవలేను కూడా.
ఒక అక్షరం తొడం ఇంకో అక్షరానికి తగులుకుని
పేజీ అంతా కుప్పపోసినట్టుండేది.

ఆయమ్మ ఒక్కతే నా ఏడుపుని వాసన చూసింది.
చెయ్యి లాక్కుని ముక్కు దగ్గర పెట్టుకుని
"తేజానా?" అంది.
అంతే. ఎందుకేడుస్తున్నావని అడగలేదు.
వంటగదిలోకి తీసుకెళ్లి
తన క్యారేజీలో పెరుగు, మధ్యాన్నం తను తినాల్సిన పెరుగు,
నా పది వేళ్లకీ గోరింటాకు పెట్టినట్టు పెట్టింది.
ఆ పూట ఆమె అన్నంలో ఏం కలుపుకుందో
నేను చూడలేదు. అప్పుడు తోచలేదు.

బియ్యం బస్తాలు దిగిన రోజు కాటా దగ్గర నిలబెట్టింది.
నలభై తొమ్మిదిన్నర, నలభై ఏడు, నలభై ఆరున్నర.
టిక్కీల లెక్కల్లో పుట్టినోణ్ణి,
ఆమె వక్క కొరికేలోపు
"నూట నలభై మూడు" అనేశాను.
మెచ్చుకోలేదు.
లెక్కల మేష్టారి బల్ల మీద టీ గ్లాసు పెడతా
"మీ వెనక బెంచీవోడు ఏడు కిలోల దొంగని పట్టుకున్నాడండీ"
అని మాత్రం అంది.
మేష్టారు టీ తాగేశారు.
తలెత్తి నా వైపు చూశారో లేదో
నాకిప్పటికీ తెలీదు.

ఇన్‌స్పెక్షనని
చదవనోళ్లని ఆ పూట ఇంటికాడే ఉండమన్నారు.
నలుగురం. హుస్సేన్‌వలి, కవలపిల్లలు, నేను.
ఉండబుద్ధి గాక గేటు దాకా వచ్చి నిలబడ్డాం.
ఆయమ్మ చూసింది.
హుస్సేన్‌వలి చేతికి నీళ్ల జగ్గు ఇచ్చింది,
కవలల్ని కుర్చీలు తుడవమంది,
నాకు సుత్తి ఇచ్చింది.
వరండా దూలానికి వేలాడే రైలుపట్టా ముక్క,
మా గంట అదే.
"నాకు టైము చూడ్డం రాదు ఆయమ్మా."
"పెద్దముల్లు పైకెళ్లి నిటారుగా నిలబడితే ఒకసారి కొట్టు.
కిందికి దిగి కాళ్ల మీద పడితే ఇంకోసారి.
అందాకా దాన్నే చూస్తా ఉండు.
కదలట్లేదనిపిస్తది.
కదులుద్ది."

"వీడెవడు?" అన్నారు హెడ్మాస్టరు, గొంతు తగ్గించి.
"గంట కొట్టే అబ్బాయండీ" అంది,
బడి పుట్టిన కాణ్ణుంచీ ఆ ఉద్యోగం నాదే అయినట్టు.

కొట్టాను.
మూడొందల మంది ఒక్కసారి లేచారు.
వచ్చిన పెద్ద ఆఫీసరు కూడా
తన వాచీ సరిచేసుకున్నాడు.

చదువు నాకు పెద్దగా అబ్బలేదు, దాచేదేముంది,
పదో తరగతి రెండో దండయాత్రలో గట్టెక్కాను.
యార్డులో కాటా గుమాస్తాని ఇప్పుడు.
సన్మానాల రోజున బళ్లో శాలువాలు కప్పుతారు గదా,
అవి మడతపెట్టి అందించేవాళ్ల పేరు
మైకులో ఎవరూ చదవరు.

నేను చదివాను.
ఆ ఏడాదే, చలికాలం,
హాజరు రిజిస్టరు మోసుకొస్తా వరండాలో ఆగి
ఆఖరి గీత మీద వేలు పెట్టి, గట్టిగా,
ఖా... సిం... బీ.
వెనకనించి వీపు మీద ఒక్కటి పడింది.
"పెద్దంతరం లేదా, పేరెట్టి పిలుస్తావా!"
తిరిగి చూస్తే కొంగు నోటికి అడ్డం పెట్టుకునుంది.
"ఏదీ, ఇంకోసారి చదువు."

ఆ రోజు ఇంటర్వెల్ గంట
నాలుగు నిమిషాలు ఆలస్యం.