తృష్ణ అంటే దప్పిక

డిగ్రీ రెండో సంవత్సరం, హిస్టరీ పేపరు.
నాలుగు ఆర్యసత్యాలు రాయుమన్నరు.
మొదటిది, దుఃఖం ఉన్నది.
రెండోది, దానికి కారణం తృష్ణ.
అక్కడ ఆగింది నా పెన్ను.

తృష్ణ అంటే కోరిక అని గైడుల ఉన్నది.
మా మర్రిగూడ దిక్కు
తృష్ణ అంటే ఒట్టి దప్పికే.
బోరింగు కొట్టుకొని తాగిన నీళ్లే
మా మేనత్త ఈదమ్మ మోకాళ్లల్ల రాళ్లయినయి.
ఏం కోరుకున్నది పాపం,
ఎండల కలుపు తీసి తీసి
ఒక చెంబెడు నీళ్లు.

అదే రాసిన.
సారు ఎర్రపెన్నుతోని గీత గొట్టి
"సిలబస్‌లో లేదు" అని రాసి
రెండు మార్కులేసిండు.
ఆ రెండు ఎందుకేసిండో ఇప్పటికీ తెల్వదు.

అప్పటినించి పట్టింది నాకు.
లైబ్రరీల అట్ట ఊడిన పుస్తకం చెప్పింది:
ఊపిరి లెక్కపెట్టు, ఒకటి నించి పది,
తప్పితే మళ్ల ఒకటి.
రామగిరి హాస్టల్ల పద్దెనిమిది మందికి ఒక్క హాలు.
నాలుగు కాడ ఎవరిదో ఫోను మోగుతది,
ఆరు కాడ పప్పు మాడిన వాసన,
ఏడు నేనెన్నడు దాటలే.

పక్క మంచం నస్రీన్ నవ్వింది.
"నమాజుల నాకూ అంతే.
మనసు బజారుకు పోతది.
మేకపిల్లను తోలుకొచ్చినట్టు తోలుకొస్త,
మళ్ల పోతది.
తోలుకొచ్చుడే పని అనుకో."
పుస్తకంల ఈ ముక్క నలభై పేజీలున్నది.

పంచశీలం పెట్టె మూతకు అతికించుకున్న.
దోమను చంపనని నేననుకుంటే
దోమకేం ఎరుక?
ఆదివారం లైన్ల రెండోసారి నిలబడి
వేరే పిల్ల పేరు చెప్పి గుడ్డు తీసుకున్న.
ఒక్క గుడ్డుకు రెండు శీలాలు పోయినయి.
తిన్న తర్వాత యాదికొచ్చింది.

మార్చిల ఫణిగిరి పోయిన.
సూర్యాపేటల బస్సు మారి,
అర్వపల్లి దాటినంక కిటికీల నించి
పడిగె విప్పిన గుట్ట.
కావలి సోమనర్సయ్య అన్నడు,
"చెప్పులు విప్పాల్నని లేదు బిడ్డా, నీ ఇష్టం."
విప్పిన. బండ చుర్రుమన్నది.
మళ్ల తొడుక్కున్న.

ఇటుక గోడలు మోకాలెత్తు మిగిలినయి.
ఒక్కో గది నా మంచమంత.
ఇదీ హాస్టలే గదా అనిపించింది.
వీళ్లల్ల ఎవరికన్న
ఏడు దాటకుంట ఉన్నదా?
ఎవరన్న రెండోసారి గిన్నె చాపిండ్రా?
"వానకాలం మొత్తం ఈడనే ఉండేటోళ్లంట,"
సోమనర్సయ్య తువాలతోని చెమట తుడుసుకున్నడు,
"బండల మీద నిలిచిన వాన నీళ్లు తాగేటోళ్లేమో.
బోర్లు యాడియి అప్పుడు."

నేనేం మాట్లాడలే.

ఆయన ఫోన్ల ఒక రాయి ఫోటో చూపిచ్చిండు.
మనిషి లేడు, పాదాలే.
అరికాలి నడుమ చక్రం,
వేళ్లన్నీ ఒక్క తీరుగ, సక్కగ.
నాకు పంపిచ్చుకున్న.

ఇంటికి పోయి అత్తకు చూపిన.
లోపలికి తిరిగిన తన కాళ్లను చీర కింద దాసుకొని
దగ్గరికి తెచ్చుకొని చూసింది.
"చెప్పులేసుకోడా ఈయన?" అన్నది.
నల్లా నీళ్లు వస్తున్నయి ఇప్పుడు, మంచియే.
ఎముకలకు ఆ ముచ్చట చేరలే.

ఊపిరి లెక్క సంగతి చెప్పిన.
"పది దాకనేనా?
పదికి నా నొప్పి పక్కకు గూడ ఒత్తిగిలది.
నేను రోజు రాత్రి లెక్కవెడ్త,
అది పండుకునే దాక."
ఎన్నేండ్ల నించి అని అడిగిన.
నీకు పాలపండ్లు ఊడినప్పటి నించి, అన్నది.

ఆ రాత్రి ఆమె పక్కనే సాప పరుసుకున్న.
చీకట్ల సన్నగ పెదవుల చప్పుడు.
పదకొండు, పన్నెండు,
ఎవరో కుక్కను అదిలిచ్చిండ్రు,
ఆమె ఆగలే.
ముప్పై దాటింది.
నలభై మూడు ఇనవడ్డది నాకు.
తర్వాత నిద్రపోయిన.